సినిమా నడకకూ సర్దికీ ఉన్న చుట్టరికం



సినిమా చూచి వచ్చినవారిని "ఎట్లున్నది?" అని అడిగితే మా కమాన్‌పూరులో ఈనాడు వినవచ్చే జవాబు కథను గురించి కాదు, నటులను గురించి కాదు, నడకను గురించి. "మస్తు ల్యాగున్నది" అంటారు కొందరు. "ఎక్కడ ఆగలే, ఉరికింది" అంటారు మరికొందరు. రెండో జవాబు రెండు మూడు రోజులు గడచిన తరువాత వస్తుంది: "ఆడికి పోయొచ్చిన కాన్నుంచి సర్ది పట్టింది." మొదటిది అభిరుచికి చెందిన మాట, రెండవది ఆరోగ్యానికి చెందిన మాట. ఈ రెంటికీ పొంతన ఏమిటని తోచవచ్చు. పొంతన ఉన్నది. రెండూ పదిమందిలో కూర్చున్నందువలన కలిగేవే.

"జనానికి ఓపిక పోయింది, రుచి చెడింది, నిదానమైన కథను చూచే ప్రేక్షకుడు లేడు" అని పెద్దలు ప్రతి తరంలోనూ అంటూనే ఉన్నారు. ఉపాధ్యాయుల గదిలో ఈ మాట నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ విన్నాను. మా వైపు ఆ మాటకు ఒక తోక కూడా ఉండేది: "గని కార్మికులకు ఫైట్లు తప్ప ఏం పడుతుంది?" అని. ఈ నిందలో నిజమెంతో తేల్చాలంటే కొంచెం చరిత్రలోకి వెళ్ళాలి. దగ్గునూ తుమ్మునూ వెంటబెట్టుకొనే వెళ్ళాలి.

ముందు మాట సంగతి. కోస్తావారు రొంప అంటారు, చాలచోట్ల జలుబు అంటారు. పడిశం అన్న మాట సంస్కృత ప్రతిశ్యాయానికి వికృతి అని మన నిఘంటువులు చెబుతాయి. తెలంగాణలో మేము సర్ది అంటాము. చల్లన అనే అర్థమున్న పారసీ మాట ఉర్దూ మీదుగా మాకు దిగివచ్చింది. చలి వలన వస్తుంది కనుక సర్ది అని వివరణ ఆ పేరులోనే ఉన్నది. ఆ వివరణ ఎంతవరకు నిలుస్తుందో చూద్దాం.

సినిమాకు ముందు మా ప్రాంతపు వినోదమంతా రాత్రిపూటదే. మల్లన్న కథ, బీరప్ప కథ చెప్పే ఒగ్గువారు, శారద కథ చెప్పే బుడగ జంగాలు, చిరుతల రామాయణం ఆడే ఊరి యువకులు, యక్షగానం ఆడే మేళాలు, ఇవన్నీ పొద్దుగూకిన తరువాత మొదలై కోడి కూసేదాకా సాగేవి. మంథని వైపు పల్లెల్లోనూ, పెద్దపల్లి వైపు పల్లెల్లోనూ పంటలు ఇంటికి చేరిన తరువాతనే వీటికి తీరిక. అనగా చలికాలం. గొంగడి కప్పుకొని, మంచులో, నేల మీద కూర్చొని చూడాలి. ఇన్ని గంటలు అన్న లెక్క ఆ ఆటకు లేదు. కథకుడు సభను చూస్తూ కథ నడుపుతాడు. జనం కునికితే డోలు దరువు పెరుగుతుంది, ఒక హాస్యం పడుతుంది. పిల్లలు నిద్రపోయి పెద్దలు మాత్రం మిగిలిన జాములో కరుణ కథ మొదలవుతుంది. నడుమ ఒక కునుకు తీసి లేచినా ఎవరికీ కథ తప్పిపోదు, ఎందుకంటే కథ అందరికీ తెలిసినదే. అక్కడ నడక అన్నది కథకుని సొత్తు కాదు, శ్రోత సొత్తూ కాదు. ఇద్దరి నడుమ ఆ రాత్రికి కుదిరిన ఒప్పందం.

మూడోనాడు ఊళ్ళో సగం మందికి ముక్కులు కారేవి. "మంచుల కూసుంటిరి, సర్ది పట్టదా మరి?" అని ఇంటి ముసలమ్మలు వాము నలిపి పెట్టేవారు, పసుపు వేసి మరిగించిన పాలు తాగించేవారు. మంచు మీద పడిన ఈ నింద తరతరాలది. ఇంగ్లండులో సాలిస్‌బరీ అనే ఊరి దగ్గర జలుబును పరిశోధించడానికే 1946లో ఒక కేంద్రం పెట్టి 1990 దాకా నడిపారు. స్వచ్ఛందంగా వచ్చినవారిని తడిపి, చలిగాలి వీచే వసారాలో నిలబెట్టి కూడా చూశారు. ఆ ప్రయోగాలలో చలి ఒక్కటే జలుబును తేలేకపోయింది. జలుబుకు మూలమైన క్రిములు మనిషి నుండి మనిషికి చేతుల ద్వారానూ గాలి ద్వారానూ చేరుతాయని, చేరిన ఒకటి నుండి మూడు రోజులకు ముక్కు కారడం మొదలవుతుందని ఇప్పుడు అందరికీ తెలిసినదే. కాబట్టి పాపం మంచుది కాదు, పక్క గొంగడిది. ఎంతమంది కూర్చున్నారు, ఎంత దగ్గరగా కూర్చున్నారు, ఎంతసేపు కూర్చున్నారు, గాలి ఎంత ఆడింది, ఈ నాలుగింటి మీద ఫలం ఆధారపడుతుంది. ఆరుబయట గాలి ఆడుతుంది కనుక మన పూర్వులు ఆ మాత్రంతో బయటపడ్డారని చెప్పవచ్చు.

ఇక శాస్త్రం మాట. ప్రేక్షకుల రుచి ఒక్కటిగా ఉండదని భరతుడు ఏనాడో ఒప్పుకున్నాడు. నాట్యశాస్త్రంలో సిద్ధులను వివరించే అధ్యాయంలో పడుచువారు శృంగారాన్నీ, శూరులు రౌద్రాన్నీ యుద్ధాలనూ, ధనం కోరేవారు ధన సంబంధమైన విషయాన్నీ, విరాగులు మోక్ష విషయాన్నీ, వృద్ధులు ధర్మకథలనూ పురాణాలనూ మెచ్చుకుంటారని చెప్పాడు.  ప్రదర్శన ఫలించిందనడానికి గుర్తులు కూడా చెప్పాడు: చిరునవ్వు, పెద్ద నవ్వు, భళీ అనే కేక, గగుర్పాటు, ఆసనం విడిచి లేవడం, బట్టలు, ఉంగరాలు విసరడం. మన థియేటర్లలో చించిన కాగితాలు ఎగురవేయడం, రుమాలు తిప్పడం, కుర్చీ ఎక్కి ఈల వేయడం ఈ జాబితాకు వెలుపలివి కావు. మాస్ అని మనం ముక్కు చిట్లించే పని రెండువేల ఏళ్ళ కిందటి శాస్త్రంలో సిద్ధి అనే పేరుతో ఉన్నది.

నడకలో తప్పులను అలంకారికులు కూడా పట్టారు. మమ్మటుడు కావ్యప్రకాశంలో రసదోషాల లెక్క చెబుతూ అకాండ ప్రథనం, అకాండ ఛేదనం అని రెంటిని పేర్కొన్నాడు. కాని సమయంలో పెంచడం మొదటిది, కాని సమయంలో తుంచడం రెండవది. మొదటి దానికి వేణీసంహారం రెండో అంకం ఉదాహరణ. అక్కడ వీరులు వరుసగా నేలకూలుతూ ఉంటే దుర్యోధనుడు భానుమతితో సరసాలకు దిగుతాడు. రెండవ దానికి మహావీరచరిత్ర రెండో అంకం ఉదాహరణ. రామ పరశురాముల నడుమ వీరం పొంగుతున్న వేళ కంకణం విప్పే వేడుక ఉన్నదని రాముడు లోపలికి వెళ్ళిపోతాడు. పగతో రగులుతున్న నాయకుడు హఠాత్తుగా పరదేశపు మంచుకొండల మీద నాయికతో ఆడిపాడడం చూచి మన కుర్రవాడు "ల్యాగ్" అన్నాడంటే, మమ్మటుడు చెప్పిన అకాండ ప్రథనాన్నే అతడు తన భాషలో చెప్పాడన్న మాట. వాడు నిడివిని తిట్టడం లేదు, వేళకానితనాన్ని తిడుతున్నాడు. విలంబితం, మధ్యం, ద్రుతం అని లయ మూడు విధాలు. మూడూ లయలే. విలంబితం దోషం కాదు, లయ తప్పడం దోషం.

సభకూ పడిశానికీ ఉన్న చుట్టరికాన్ని వ్యాపారదృష్టితో మొదట గుర్తించినవాడు మన తెలుగువాడే. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం స్థాపించారు. తొలిరోజుల్లో దానిని సంగీత సభలలో ఉచితంగా పంచి జనానికి అలవాటు చేశారని ప్రసిద్ధి. మూడు నాలుగు గంటలు ఒకేచోట కూర్చొని, తల బరువెక్కి, ముక్కు దిబ్బడవేసి ఉన్నవారి చేతికి ఆ పసుపు లేపనం అందితే ఇక చెప్పవలసినదేమున్నది? ఆ లేపనం తెచ్చిన డబ్బే తరువాత ఆంధ్రపత్రికకు ఊతమైంది. తెలుగు పత్రికారచనకు పడిశం పట్టిన నెత్తులు కూడా కొంత చేయూత ఇచ్చాయంటే నవ్వులాటకు చెప్పిన మాట కాదు.

పద్యనాటకాల రోజుల్లోనూ నడకను సభే నిర్ణయించింది. రాయబారం పద్యం రాగాలాపనతో సాగుతూ ఉంటే "వన్స్ మోర్" అని కేక పడేది, కృష్ణ పాత్రధారి వెనుకకు వచ్చి మరల అందుకొనేవాడు. కౌరవసభలో దూత ఒకే మాటను మూడుసార్లు చెప్పడం కథకు అడ్డమే. అయినా అడ్డమని ఎవరూ అనుకోలేదు, ఎందుకంటే ఆ ఆలస్యాన్ని అడిగి తీసుకున్నది సభే. 1932లో హెచ్. ఎం. రెడ్డి తీసిన భక్త ప్రహ్లాదతో తెలుగు టాకీ పుట్టింది. ధర్మవరం రామకృష్ణమాచార్యుల నాటకమే దానికి ఆధారం. అంటే మన సినిమా రంగస్థలపు నడకతోనే అడుగులు నేర్చింది.

అయితే టాకీతో ఒక పెద్ద మార్పు వచ్చింది. నడక ముందుగానే ఫిలిం మీద అచ్చుపడిపోయింది. జనం కునికినా, ఈల వేసినా తెర మీది మనిషి వేగం మార్చడు. కాలం అడుగుల లెక్కలోకి దిగింది. 35 మిల్లీమీటర్ల ఫిలిం నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది. వేయి అడుగుల రీలు అంటే సుమారు 11 నిమిషాలు, 16,000 అడుగుల చిత్రం అంటే దాదాపు మూడు గంటలు. ఊరూరా డేరాలు వేసుకొని తిరిగిన టూరింగు టాకీసులలో చాలవాటికి ప్రొజెక్టరు ఒక్కటే. చుట్ట అయిపోగానే దీపాలు వెలిగించి మరొక చుట్ట ఎక్కించేవారు. ఆ విరామాలలో బీడీలు, సోడాలు, పక్కవాడితో కథ మీద చర్చ. డేరా అంచులు ఎత్తితే గాలి కూడా లోనికి వచ్చేది. ఒగ్గు కథలో జనం తీసిన కునుకుకు బదులుగా యంత్రం ఇచ్చిన విశ్రాంతి అది.

నడక మీద ప్రభుత్వం చేయిపడిన సందర్భం కూడా ఉన్నది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ముడి ఫిలిం కరవై 1943లో ఇండియా ప్రభుత్వం సినిమా నిడివిని 11,000 అడుగులకు కట్టడి చేసింది. లెక్కవేస్తే రెండు గంటలు. యుద్ధం ముగిసి ఆ కట్టు తెగగానే మన చిత్రాలు తిరిగి మూడు గంటలకు చేరాయి. జనానికి పొట్టి సినిమా రుచించి ఉంటే అది నిలిచిపోయేది. పావలా పెట్టి, బండి కట్టుకొని పది కోసులు వచ్చిన కుటుంబానికి రెండు గంటలతో కడుపు నిండలేదు. ఆ నిడివి వెనుక ఉన్నది బద్ధకం కాదు, దూరం నడచి వచ్చిన వాని ఆకలి.

ఆ ఆకలిని ఎరిగి, కొలిచి వడ్డించినవాడు కె. వి. రెడ్డి. స్టాపువాచి చేతబట్టుకొని ప్రతి సన్నివేశాన్నీ రిహార్సలులోనే కొలుచుకొని, అనుకున్న నిడివికి అటూ ఇటూ కాకుండా చిత్రీకరించేవారని ఆయనతో పనిచేసినవారు చెప్పుకున్నారు. 1957 నాటి మాయాబజార్ మూడు గంటలు దాటుతుంది. ఈనాటికీ దానిని సాగదీత అన్నవారిని నేను చూడలేదు. మా పాఠశాలలో తొమ్మిదో తరగతి పిల్లలకు టీవీ పెట్టి చూపించినపుడు వివాహభోజనం దగ్గర వారు నవ్విన నవ్వు వారి తాతలు నవ్వినదే. నడక అంటే నిడివి కాదని చెప్పడానికి ఈ ఒక్క చిత్రం చాలు.

ఇప్పుడు బొగ్గుగనుల వద్దకు వద్దాం. 1889లో ఇల్లందు వద్ద తవ్వకం మొదలుపెట్టిన సింగరేణి, 1960ల తొలినాళ్ళకు గోదావరిఖనికి చేరింది. తరువాత గనులు మా వైపుకూ విస్తరించాయి. కంపెనీ నూరేండ్ల గుర్తును పేరులోనే పెట్టుకున్న సెంటినరీ కాలనీ మా పాత కమాన్‌పూర్ మండలంలోనే వెలిసింది. గనితో పాటు మా ప్రాంతానికి కొత్త కాలం వచ్చింది. ఉదయం ఏడు, మధ్యాహ్నం మూడు, రాత్రి పదకొండు, ఈ మూడు గంటలకు షిఫ్టులు మారతాయి. పొద్దును చూచి కాదు, సైరను విని బతకడం మొదలైంది. సినిమా కూడా ఆ సైరనుకు లొంగవలసి వచ్చింది. రాత్రి షిఫ్టు దిగినవాడు ఉదయం ఆటకు వెళ్ళి చల్లని చీకటిలో సగం నిద్రపోతాడు. మొదటి షిఫ్టువాడు సాయంత్రం మొదటి ఆటకు ఇంటిల్లిపాదినీ తీసుకువెళతాడు. మధ్యాహ్నం షిఫ్టువానికి సాయంత్రపు ఆట ఎండమావే. వారపు సెలవునాడు తప్ప చూడలేడు.

1977 సంక్రాంతికి దాన వీర శూర కర్ణ వచ్చింది. మూడు గంటల నలభై నిమిషాలు దాటిన చిత్రం. ఎన్. టి. రామారావు తానే దర్శకత్వం వహించి మూడు పాత్రలు ధరించాడు. కొండవీటి వెంకటకవి సంభాషణలు రాశాడు. సాయంత్రం ఆరున్నరకు ఆట మొదలైతే పది దాటి పావుగంటకు గాని ముగియదు. పదకొండుకు మస్టరు పడకపోతే ఆనాటి కూలి పోతుంది. ఆ లెక్క తెలిసీ, టిఫిను డబ్బా వెంట తెచ్చుకొని, చివరి సమాసం దాకా కూర్చొని, అక్కడి నుండి అటే గనికి సైకిలు తొక్కినవారిని నేను విద్యార్థిగా ఉన్నపుడు చూశాను. సుయోధనుని దీర్ఘసమాసాలు వారిలో అనేకులకు కంఠతా వచ్చేవి. వారిలో బడి ముఖం చూడనివారూ ఉన్నారు. గని కార్మికునికి ఫైట్లు తప్ప ఏమీ పట్టదన్న నింద అక్కడే వీగిపోయింది.

మా థియేటర్లలో మరొక శబ్దం ఉండేది. దగ్గు. బొగ్గుపొడి పీల్చిన ఛాతీల దగ్గు. అది సర్ది దగ్గు కాదు, వారం తరువాత పోయేదీ కాదు. యుద్ధఘట్టంలో వినబడదు, పాటలో వినబడదు. నాయిక మౌనంగా కిటికీ దగ్గర నిలబడి ఉన్నపుడు, తండ్రి కొడుకుకు నెమ్మదిగా బుద్ధి చెబుతున్నపుడు, ఒక మూల ఒకరు, వెంటనే మరొక మూల ఇంకొకరు దగ్గుతారు. ఇది మా వైపు వింత మాత్రమే కాదు. జేమ్స్ పెన్నెబేకర్ అనే అమెరికా మనస్తత్వవేత్త దగ్గును గమనించి 1980లో ఒక పరిశోధన ప్రచురించాడు. సినిమాలో ఆసక్తి తగ్గిన భాగాలలో ప్రేక్షకులు ఎక్కువగా దగ్గుతారనీ, జనం ఎక్కువైన కొద్దీ దగ్గు ఎక్కువవుతుందనీ, ఒకరి దగ్గు విని పక్కవారూ దగ్గుతారనీ అతడు చూపించాడు. మనసు తెర మీద లగ్నమైతే గొంతులోని గరగర గుర్తుకు రాదు. మనసు విడివడగానే గుర్తుకు వస్తుంది. కాబట్టి దగ్గు కూడా ఒక విమర్శే. భరతుడు చెప్పిన సిద్ధిలక్షణాల సరసన దీనిని అసిద్ధిలక్షణంగా చేర్చుకోవచ్చు.

ఈ కొలతతో రెండు చిత్రాలను పోల్చవచ్చు. 1980 నాటి శంకరాభరణం, 1989 నాటి శివ. నిడివి రెంటికీ రమారమి ఒకటే, రెండున్నర గంటలకు అటూ ఇటూ. నడక మాత్రం ఉత్తర దక్షిణాలు. మొదటిది తొలి రోజుల్లో ఖాళీ కుర్చీలకు ఆడి, ఆనోటా ఈనోటా విని జనం రాగా నిండింది. రెండవది వచ్చీరాగానే కళాశాల కుర్రవాళ్ళను పట్టుకున్నది. పాత్రధారి వెంట పరుగెత్తే స్టెడీకామ్ కెమెరా, మాటలు తగ్గించి శబ్దానికి చోటిచ్చిన కూర్పు, ఇవి తెలుగు సినిమా నడకను మార్చాయి. శంకరాభరణంలో పాట సాగుతున్నంతసేపు సభ నిశ్శబ్దంగా ఉన్నది. శివలో సైకిలు చైను తెంపే ముందు కొన్ని క్షణాలూ సభ నిశ్శబ్దంగానే ఉన్నది. విలంబితంలోనూ ద్రుతంలోనూ ఎవరూ దగ్గలేదు. ఒకే ఊరివారు, తొమ్మిదేళ్ళ తేడాతో, రెంటినీ ఆదరించారు. రుచి చెడిందనుకుంటే ఏది చెడగొట్టినట్లు?

సభ మొత్తాన్నీ దగ్గు మూయించిన సందర్భాలు చరిత్రలో రెండు ఉన్నాయి. 1918లో ప్రపంచాన్ని చుట్టిన ఇన్‌ఫ్లుయెంజా మన దేశంలో కోటికి పైగా ప్రాణాలు తీసింది. అమెరికాలో షికాగో నగరంవారు మొదట థియేటర్లను మూయక, దగ్గేవారిని, తుమ్మేవారిని లోపల ఉండనీయరాదని ఆంక్ష పెట్టారు. అక్టోబరు మధ్యకు మూయక తప్పలేదు. సినిమా కంపెనీలు కొన్ని వారాలపాటు కొత్త చిత్రాల విడుదలనే ఆపుకున్నాయి. రెండవది మనం అనుభవించినదే. 2020 మార్చి 14న తెలంగాణ ప్రభుత్వం థియేటర్ల మూసివేతను ప్రకటించింది. తలుపులు తిరిగి తెరిచింది డిసెంబరులో, అదీ సగం కుర్చీలతో. ఆ డిసెంబరు 25న సోలో బ్రతుకే సో బెటర్ వచ్చింది. 2021 ఏప్రిల్‌లో మరల తలుపులు పడ్డాయి, జూలై చివర మరల తెరుచుకున్నాయి.

ఆ మూతకాలంలో జరిగినది గమనింపదగినది. తెలుగు సినిమా ఇంటికి వచ్చింది. 2020 సెప్టెంబరులో "వి" వంటి పెద్ద చిత్రం నేరుగా ఓటీటీలో విడుదలైంది. ఆ ఆగస్టులోనే నెట్‌ఫ్లిక్స్ ఫోన్లలో చిత్రాన్ని ఒకటిన్నర రెట్ల వేగంతో చూచే వీలు కల్పించింది. నడక తిరిగి ప్రేక్షకుని చేతికి వచ్చింది. కాని ఒగ్గు కథలో వచ్చినట్లు పదిమంది చేతికి కాదు, ఒంటరి బొటనవేలికి. ఆ బొటనవేలు మౌనాలన్నింటినీ దాటించింది. పక్కన దగ్గేవాడు లేడు, నవ్వేవాడూ లేడు. ఇంట్లో ఒక్కడే కూర్చొని హాస్యచిత్రం చూచినవాడు ఎన్నిసార్లు బిగ్గరగా నవ్వాడో లెక్కవేసుకుంటే నా మాట బోధపడుతుంది.

"ఇక అయిపోయింది, మూడు గంటల సినిమాకు కాలం చెల్లింది" అని పండితులూ పామరులూ తీర్పు చెప్పారు. జరిగినది వేరు. 2022 మార్చిలో మూడు గంటలు దాటిన ఆర్ఆర్ఆర్‌కు జనం పోటెత్తారు. 2024 డిసెంబరులో వచ్చిన పుష్ప 2 మూడు గంటల ఇరవై నిమిషాలు. అది చాలదన్నట్లు 2025 జనవరిలో మరొక ఇరవై నిమిషాలు కలిపి ఆడిస్తే దానికీ వెళ్ళారు. ఇంట్లో ఒకటిన్నర రెట్ల వేగంతో చూచిన కుర్రవాడూ, థియేటరులో అదనపు ఇరవై నిమిషాలకు డబ్బు కట్టిన కుర్రవాడూ ఒక్కడే. మనిషి మారలేదు, కూర్చున్న చోటు మారింది.

ఇంతకన్నా పెద్ద సాక్ష్యం పాత చిత్రాల మరువిడుదలలు. 2022 ఆగస్టు 9న మహేశ్‌బాబు పుట్టినరోజుకు 2006 నాటి పోకిరి ప్రత్యేక ప్రదర్శనలు వేయగా అవి పండుగలైనాయి. ఆ వెనుక జల్సా, ఖుషి, ఇట్లా వరుసకట్టాయి. కథ తెలుసు, మాటలు తెలుసు, మలుపు తెలుసు. మరి ఎందుకు వెళతారు? కలిసి పాడడానికి, కలిసి కేక వేయడానికి. ఇది చిరుతల రామాయణం చూడబోయిన మా తాతల పనే. గట్టిగా అరిచినపుడు, పాడినపుడు నోటి నుండి వెలువడే తుంపరలు మామూలు మాటకన్నా ఎక్కువ. తలుపులు బిగించిన ఏసీ హాలులో, వేయిమంది మధ్య, మూడు గంటలు అరిస్తే మూడోనాడు గొంతు పట్టివేయక ఏమవుతుంది? అభిమానుల పండుగకు సర్ది తప్పని సుంకమైంది.

సుంకం సర్దితో తీరితే అదృష్టమే. 2024 డిసెంబరు 4 రాత్రి హైదరాబాదు సంధ్య థియేటరు వద్ద తొక్కిసలాటలో ఒక ఇల్లాలు ప్రాణం కోల్పోయింది. కలిసి చూడాలన్న కోరికను తప్పుపట్టలేము. ఆ కోరికకు తగిన చోటూ గాలీ దారీ ఏర్పరచనివారిని తప్పుపట్టాలి.

చివరగా మా ఉమ్మడి కరీంనగర్ సీమ మాట. 2023 మార్చిలో రెండు చిత్రాలు వచ్చాయి. ఒకటి బొగ్గుగనుల పల్లె నేపథ్యంగా తీసిన దసరా. రెండవది వేణు ఎల్దండి తీసిన బలగం. ఒక ముసలివాని చావు, పదకొండు రోజుల కర్మకాండ, కాకి ముద్ద ముట్టకపోవడం, ఇంతే కథ. ఫైట్లు లేవు, పరుగు లేదు. పతాకఘట్టంలో కొమురమ్మ, మొగిలయ్య దంపతులు బుడగ జంగాల బాణీలో నిదానంగా పాడతారు. మొగిలయ్య 2024 డిసెంబరులో కన్నుమూశాడు. ఆ పాట సాగినంతసేపు తెర మీద కథ అడుగు ముందుకు వేయదు. నేటి కొలతల ప్రకారం అది అంతా ల్యాగే. కాని తెలంగాణ పల్లెల్లో జనం ఊరి నడిబొడ్డున తెర కట్టి, నేల మీద కూర్చొని, ఊరంతా ఒకేసారి ఆ సినిమా చూచి ఏడ్చారు. పలుకులు లేని అన్నదమ్ములు ఆ రాత్రి కలిశారని పత్రికలు రాశాయి. ఒగ్గు డోలు మోగిన చోట, అదే ఆరుబయట, అదే విలంబిత లయలో.

కాబట్టి నా మనవి ఇది. జనానికి నిదానం గిట్టదన్న మాటను ఇకనైనా విడిచిపెడదాం. నిదానాన్ని ఒంటరిగా భరించడం మనిషికి కష్టం. పదిమందిలో కూర్చుంటే ఆ నిదానమే విశ్రాంతి అవుతుంది. ఒగ్గు కథ నుండి బలగం దాకా మన నడకను నిర్ణయించినది పక్కన కూర్చున్నవాని ఊపిరి. ఆ ఊపిరితో పాటు అప్పుడప్పుడు అతని సర్ది కూడా వస్తుంది. దానికి మందు ఇంట్లో దాగడం కాదు. ముక్కు కారుతున్ననాడు మనమే ఆటను మానుకోవాలి, తప్పనిసరిగా వెళితే నోటికీ ముక్కుకూ గుడ్డ కట్టుకోవాలి. హాలువారు గాలి ఆడే ఏర్పాటు చేయాలి. సినిమావారు వేళ ఎరిగి పెంచాలి, వేళ ఎరిగి తుంచాలి. అంతమాత్రం జరిగితే మూడు గంటలైనా నాలుగు గంటలైనా మావాళ్ళు కూర్చుంటారు. గని దిగి వచ్చిన ఒంటితో కూడా కూర్చుంటారు.

మీ ఊళ్ళలో టూరింగు టాకీసు ముచ్చట్లు, రాత్రి ఆటల ముచ్చట్లు ఉంటే రాయండి, చదివి సంతోషిస్తాను.

స్వస్తి.